సత్వల్దీ మింగిన సగం మాట

మర్గిలాన్ బజారులో విత్తనాల వరస చివర, ఎర్గష్ కొట్టుకి ఆనుకుని ఒక చెక్కపెట్టె బోర్లించి ఉంటుంది. ఎండ కాస్త ముదిరే వేళకి, అందరూ అకా, అంటే అన్న, అని పిలిచే సత్వల్దీ వచ్చి దాని మీద కూర్చుంటాడు. ఆయన అమ్మేది ఏమీ లేదు, కొనేదీ లేదు. జనం ఆకులు తెచ్చి చూపిస్తారు, ఆ చెట్టుకి ఏమొచ్చిందో ఆయన చెబుతాడు. ఎర్గష్‌కి ఇది కలిసొచ్చిన వ్యవహారం. రోగం పెట్టె దగ్గర తెలుస్తుంది, మందు కొట్లో దొరుకుతుంది. అందుకే చాయ్ కెటిల్ ఎప్పుడూ నిండుగా ఉండేలా చూసుకుంటాడు.

ఆకులు రకరకాలుగా వస్తాయి. మగవాళ్ళు తల మీది దొప్పీ టోపీ తీసి అందులోంచి ఆకు తీస్తారు. చెమటకీ వేడికీ అది అప్పటికే సగం ఉడికి ఉంటుంది. ఆడవాళ్ళు రుమాల్లో కట్టి తెచ్చి, నగ చూపిస్తున్నట్టు మూలలు ఒక్కొక్కటే విప్పుతారు. ఈ మధ్య కొందరు ఫోనులో ఫొటో చూపిస్తున్నారు. అది ఆయనకి గిట్టదు.

"తిప్పు" అంటాడు.

వాళ్ళు ఫోను అడ్డంగా తిప్పుతారు.

"ఫోను కాదు నాయనా, ఆకుని తిప్పు."

ఫొటోలో ఆకుకి వీపు ఉండదు. చెట్టుకి వచ్చే కష్టాల్లో చాలావరకు వీపు మీదే కాపురం పెడతాయి. మొహం మీద కనిపించేవి వాటి ఆనవాళ్ళు మాత్రమే. సూదితో గుచ్చినట్టు లేత చుక్కలుంటే కింద ఎర్రనల్లి ఉంటుంది. అప్పుడాయన జేబులోంచి తెల్లకాగితం తీసి, దాని మీద ఆకుని తట్టి, "చూస్తుండు" అంటాడు. కాగితం మీద దుమ్ము పడుతుంది. కాసేపటికి ఆ దుమ్ము నడుస్తుంది. తెచ్చినవాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆకు జిగటగా ఉంటే పేనుబంక. అప్పుడు అడిగేది ఆకు గురించి కాదు, చీమల గురించి. చీమలు చెట్టెక్కుతున్నాయా లేదా? పని లేనిదే అవి ఎక్కవు. పీచ్ పండ్ల చెట్టు ఆకు ఎర్రగా ఉబ్బి, ముడతలు పడి ముసలి చెవిలా తయారైతే దాన్ని ఆయన చేత్తో కూడా ముట్టుకోడు. గడ్డం ఊపి, "ముడత. వచ్చే ఏడాది చూడు" అంటాడు. ఈ ఏడాదికి చేసేదేమీ లేదని దాని అర్థం. మందు మొగ్గ విప్పకముందే కొట్టాల్సింది.

మాటలు మాత్రం బహు పొదుపు. రెండు మాటల్లో తేలే విషయానికి మూడోది వాడడం ఆయన దృష్టిలో దుబారా.

ఈ అలవాటుకి ఒక మూలం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన సమిష్టి వ్యవసాయ క్షేత్రంలో పత్తికి పురుగు చూసే పని చేశాడు. అక్కడి బ్రిగేడ్‌కి, అంటే కూలీల జట్టుకి, నాయకురాలు గట్టు మీంచి కిందికి దిగేది కాదు. ఈయన చేను నడుమ నడుస్తూ ఆకులు తిరగేస్తుంటే, అక్కడినుంచే చెయ్యూపి "ఏముంది?" అని కేకేసేది. ఈయన తిరిగి కేక వెయ్యాలి. "నల్లి." "పేను." "కాయతొలుచు." పొడుగు వాక్యం మొదలుపెడితే సగం గాలికి పోయేది, మిగతా సగానికి తిట్లు పడేవి. అలా ఒక జీవితకాలం ఒంటి మాటలతో గడిచిపోయింది. బ్రిగేడ్లు పోయాయి, గట్టు మీది ఆవిడ పోయింది, కేక మాత్రం గొంతు తగ్గించుకుని పెట్టె మీదికొచ్చింది.

ఒక్కమాట మనుషులు బజారులో ఎక్కువ లేరు కాబట్టి జనానికి అది గొప్పతనంగా కనబడింది. ఒకసారి ఒకావిడ అడుగు నల్లబడి మెత్తబడ్డ టమాటా తెచ్చి, "ఏ పురుగు తొలిచింది అకా?" అని అడిగింది.

ఆయన కాయ తిప్పి చూశాడు. రంధ్రం లేదు. "పురుగు కాదు. నీళ్ళు" అన్నాడు. "ఒక వారం వరద, ఒక వారం కరువు. కాలవ నీళ్ళు మళ్ళించేదెవరు?"

"మా ఆయన."

"ఊళ్ళో లేడా?"

"ఇంట్లోనే ఉన్నాడు."

"అయితే లేపు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ కాయని రుమాల్లో కట్టుకుని, నవ్వాలో కోపగించుకోవాలో తేల్చుకోలేక వెళ్ళిపోయింది. ఆ ఏడాది ఆ ఇంటి టమాటాలు బాగుపడ్డాయి. మొగుడు మాత్రం ఆ తర్వాత సత్వల్దీని చూస్తే పక్క వరసలోంచి పోవడం మొదలుపెట్టాడు.

ఇంకోసారి కొత్త కోడలొకతి నిమ్మచెట్టు ఆకు తెచ్చింది. ఆ వైపు నిమ్మ కుండీలో, ఇంట్లో, కిటికీ పక్కన పెరుగుతుంది. ఇంటిల్లిపాదీ దానికి పెద్దరికమిస్తారు. ఆకు నడిమి ఈనె వెంట కందిపప్పు బద్దల్లా గోధుమరంగు బొడిపెలున్నాయి. అవి చెట్టులో భాగమేననుకుని ఆ ఇంట్లో రోజూ తుడుస్తున్నారట. సత్వల్దీ గోటితో ఒకదాన్ని ఎత్తి చూపించాడు. అది పొలుసు పురుగు. కోడలు గొంతు తగ్గించింది.

"ఇంకొకటుంది అకా. కుండీలోంచి సన్నటి ఈగలు లేస్తున్నాయి. మా అత్తగారు పియాలాలో మిగిలిన చాయ్ రోజూ అందులో పోస్తారు. నేను చెప్పలేను. మీరు చెప్పండి."

మర్నాడు అత్తగారు కూడా వచ్చింది. సత్వల్దీ మట్టిని వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఆవిడ వంక చూడకుండానే అన్నాడు. "చాయ్ మనిషికి."

అత్తగారు కాస్త ఆలోచించి, "నేనూ అదే అంటున్నాను, ఈ పిల్ల వింటేనా" అంది. కోడలు తల దించుకుని ఒప్పుకుంది. ఇలా ఆయన పొదుపు మాటల వల్ల ఊరికి మేలే జరుగుతూ వచ్చింది, ద్రాక్ష కాపుకొచ్చిన ఆ వేసవి దాకా.

ఆ రోజు ఎర్గష్ చాయ్‌తోబాటు సంసాలు కూడా తెప్పించాడు, తందూరులోంచి అప్పుడే తీసినవి. సత్వల్దీ ఒకటి కొరికాడు. లోపల ఉల్లిపాయా కొవ్వూ ఇంకా కుతకుతలాడుతున్నాయి. ఉమ్మలేడు, మింగలేడు. సరిగ్గా అప్పుడొచ్చింది ఇనోబత్ ఓపా, అంటే ఇనోబత్ అక్క.

ఇనోబత్‌ది సత్వల్దీ ఉండే మహల్లాయే, అంటే పేటే, రెండు సందుల అవతల. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క గర్వం హుసేనీ ద్రాక్ష పందిరి. వాకిలంతా కప్పేసి, గోడ దాటి పక్కింట్లోకి కూడా ఒక చెయ్యి చాపిన తీగ అది. ఏటా మొదటి గంప కూతురి అత్తవారింటికి వెళ్ళాలి. అది వెళ్ళకపోతే ఆ ఏడాది ఇనోబత్‌కి వేసవి వచ్చినట్టు కాదు. రుమాలు విప్పి ఆకు పెట్టింది. ఆకు మీద తెల్లటి పొర.

"అకా, నా హుసేనీ చూడండి. ఏమైంది దీనికి?"

సత్వల్దీ చూశాడు. చూడగానే తెలిసింది. మన తోటల్లో దీన్ని బూడిద తెగులు అంటాం. అక్కడ దాని పేరు పిండిమంచు. ఆయన నోరు తెరిచి "పిండి" అన్నాడు. ఇంతలో ఉల్లిపాయ అంగిలికి తగిలింది. "మంచు" సంసాతోబాటు లోపలికి వెళ్ళిపోయింది.

"పిండా?" అంది ఇనోబత్.

ఆయన తల ఊపాడు.

"ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"గాలిలో" అన్నాడు ఆయన, నోటికి విసురుకుంటూ.

ఆ విసురుకోవడం ఇనోబత్‌కి ఒక దిక్కు చూపించినట్టుంది. ఆవిడ ఇంకేమీ అడగలేదు. మందేమిటని అడిగి ఉంటే "గంధకం" అనేవాడు, కథ అక్కడే ఆగేది. ఆవిడ రుమాలు మడిచి, పెదవులు బిగించి, వెనక్కి తిరిగింది. సత్వల్దీకి నోరు చల్లబడేసరికి ఆవిడ బజారు దాటింది. రెండు మాటల్లో పని అయిపోయిందని ఆయనకి తృప్తిగానే ఉంది.

ఇనోబత్ పక్కిల్లు కరామత్‌ది. కరామత్ విధవరాలు. పాతీర్ రొట్టెలు చేసి అమ్ముతుంది. మహల్లాలో పెళ్ళికైనా చావుకైనా రొట్టె ఆవిడ తందూరులోంచే రావాలి. ఆ తందూరు రెండిళ్ళ ఉమ్మడి గోడకి ఆనించి కట్టింది. ఆ గోడ పక్కనే రోజూ పొద్దున్నే పిండి జల్లిస్తుంది. ఇనోబత్ ఆ గోడ దగ్గరికి నడిచింది.

"కరామత్, నీ పిండి నా ద్రాక్షని చంపుతోంది."

"ఏ పిండి?"

"నువ్వు జల్లించే పిండే. గాలికి ఎగిరొచ్చి ఆకుల మీద పడుతోంది. చూడు ఎలా తెల్లబడ్డాయో."

"ఇన్నేళ్ళ నుంచీ జల్లిస్తున్నా. ఇన్నేళ్ళూ నీ హుసేనీ నా పిండి తినే బలిసింది కాబోలు."

"ఎగతాళి కాదు. తెలిసినవాళ్ళని అడిగే వచ్చాను."

"ఎవరా తెలిసినవాళ్ళు? పిండిని రోగమన్న ఆ నోట్లోకి రొట్టెముక్క ఎలా దిగుతుందో ఒకసారి చూస్తాను."

ఇది తేలిగ్గా అనే మాట కాదు. కింద పడ్డ రొట్టెముక్కని ముద్దుపెట్టుకుని గోడ మీద ఎత్తులో పెట్టే ఊరది. అక్కడ పిండి పేరు రోగానికి తగిలించడం కరామత్‌కి తననే కాదు, తన చేతుల్నీ అన్నట్టే. ఇనోబత్ కూడా తగ్గలేదు. అదే బాధ మన భాషలో జరిగి ఉంటే సత్వల్దీ "బూడిద" అని ఊరుకునేవాడు. ఇనోబత్ వెళ్ళి పక్కింటి పొయ్యి బూడిద మీద పడేది. ఎలా చూసినా కరామత్‌కి తప్పే దారి లేదు.

వ్యవహారం మహల్లా పెద్ద తుర్దలి అకా దగ్గరికి చేరింది. తుర్దలి ఎవరినీ నొప్పించని మనిషి, అందువల్ల అందరినీ సమానంగా ఇబ్బంది పెడతాడు. వచ్చే శుక్రవారం నమాజు తర్వాత పెద్దలం వచ్చి చూస్తాం, అప్పటిదాకా తందూరు వెలిగించొద్దు అన్నాడు. పిండి వల్లే అని తేలితే తందూరు అక్కణ్ణుంచి తీసెయ్యాల్సిందే. తీసెయ్యడమంటే పగలగొట్టడమే. ఏళ్ళ తరబడి కాలి గట్టిపడ్డ మట్టికుండ అది, పెకిలిస్తే పెంకులు మిగులుతాయి. కొత్తది చేయించి, ఆరబెట్టి, కాల్చి, రొట్టె అంటుకునే దాకా మచ్చిక చేసుకోవాలంటే ఒక రుతువు పోతుంది. ఆ రుతువంతా కరామత్ ఏం తినాలో తుర్దలి చెప్పలేదు. పెద్దలు చూస్తారు అన్నాడు అంతే.

గురువారం సాయంత్రం చాయ్‌ఖానాలో తుర్దలి సత్వల్దీ పక్కన చేరాడు.

"రేపు నువ్వు కూడా రావాలోయ్. ఇనోబత్ పందిరికి ఏదో అయింది. పక్కింటి పిండి పడి ఆకులు చస్తున్నాయంటోంది."

సత్వల్దీ పియాలా కింద పెట్టాడు. ఆయన నవ్వడం అరుదు. ఆ రోజు నవ్వాడు.

"పిండి పడితే ఆకు చస్తుందా? ఎవడు చెప్పాడు ఆవిడకి?"

"ఎవరో తెలిసిన మనిషట. పేరు చెప్పలేదు. పెద్దల ముందే చెబుతానంది."

"తెలిసిన మనిషా. వాడికి చెట్టు తెలియదు, పిండీ తెలియదు. ఏ మిల్లులోనో డాక్టరై ఉంటాడు."

ఇది చాయ్‌ఖానాకి బాగా నచ్చింది. మిల్లు డాక్టరు. ఒకడు మిల్లు డాక్టరు నాడి పట్టి జల్లెడ రాసిస్తాడన్నాడు. ఇంకొకడు రోగికి రవ్వ, ముదిరితే మైదా అన్నాడు. సత్వల్దీ కూడా తన అలవాటు మరిచిపోయి రెండు మూడు మాటలు ఎక్కువే వేశాడు. ఆ సాయంత్రం అంత హాయిగా ఆయన చాలాకాలంగా నవ్వలేదు.

ఇంటికెళ్ళి ఆ ముచ్చట భార్య ఖోసియత్‌కి చెప్పాడు. ఆవిడ పళ్ళెంలో పులావు పెడుతూ విన్నది. అక్కడ భార్యలు మొగుణ్ణి పేరుతో పిలవరు. దాదాసీ అంటారు, పిల్లల నాన్న అని.

"ఆ మిల్లు డాక్టరుకి ఇంకాస్త పులావు వెయ్యనా, దాదాసీ?"

"ఏమిటీ?"

"ఇనోబత్ నాతో చెప్పింది. బజారులో మిమ్మల్నే అడిగిందట. పిండి అన్నారట. గాలిలో వస్తుందన్నారట. చెయ్యి కూడా చూపించారట."

సత్వల్దీకి సంసా గుర్తొచ్చింది. ముందు సంసా, తర్వాత తను అన్న మాట, ఆ తర్వాత అనని మాట. చివరగా గోడకి ఆనించిన తందూరు గుర్తొచ్చింది. ఈ పళ్ళెం పక్కనున్న రొట్టె కూడా ఆ తందూరుదే, వారం కిందటిది, గట్టిపడి చాయ్‌లో ముంచితే తప్ప దిగనిది.

"నేను పిండిమంచు అన్నాను" అన్నాడు.

"అన్నారా?"

ఆయన పళ్ళెం పక్కకి జరిపాడు. "సగం అన్నాను. ఆవిడ తప్పు విన్నదని చెబితే సరిపోతుంది."

"చెప్పండి. ఆవిడేమో ఇక వీధిలో తలెత్తుకోలేకపోతుంది. మీరు మాత్రం రేపు మళ్ళీ పెట్టె మీద కూర్చోవచ్చు."

"వెళ్ళకపోతే?"

"వెళ్ళకపోతే పెద్దలే చూసుకుంటారు. తెల్లగా ఉందంటే పిండే అంటారు. వాళ్ళకేం తెలుసు? ఇనోబత్ నోట వాళ్ళకి తెలిసేదల్లా చెప్పింది మీరని." ఖోసియత్ పులావు ఆయన ముందుకి తోసింది. "తినండి. చల్లారాక తింటే మాటలు మింగే పని ఉండదు."

శుక్రవారం తుర్దలీ, మరో ఇద్దరు పెద్దలూ ఇనోబత్ వాకిట్లో పందిరి కింది బల్ల మీద కూర్చున్నారు. చాయ్ వచ్చింది, ఎండు ఆప్రికాట్ పండు వచ్చింది. రొట్టె మాత్రం దుకాణంలోది. అందరూ దాన్ని తుంచి మాట్లాడకుండా పక్కన పెట్టారు. నీడ దట్టంగా, చల్లగా ఉంది. ఒక పెద్దాయన ఇంత నీడ మహల్లాలో ఇంకెక్కడా లేదని మెచ్చుకున్నాడు. కరామత్ గేటు దాటి లోపలికి రాలేదు. తన వైపు ఏదో ఎత్తు మీద నిలబడింది. గోడ మీద తల, రెండు మోచేతులు మాత్రం కనిపిస్తున్నాయి.

సత్వల్దీ ఎవరినీ పలకరించకుండా పందిరి కిందికి వెళ్ళాడు. ఆకులు తిప్పాడు. పైనా తెలుపే, కిందా తెలుపే. జల్లెడలోంచి పడ్డ పిండి ఆకు వీపు మీదికి ఎలా ఎక్కుతుంది? లేత కొమ్మ మీది తెలుపుని బొటనవేలితో తుడిచాడు. కింద పచ్చదనం లేదు, గోధుమరంగు సాలెగూడు గీసినట్టు మచ్చలున్నాయి. ఒక గుత్తి వంచి చూశాడు. లోపలి గుజ్జు పెరుగుతున్నా తోలు పెరగక, కాయలు చీలి లోపలి విత్తనం కనిపిస్తోంది. వాసన చూశాడు. పాడైపోయిన చేపలా, ముక్కినట్టు ఉంది. ఇక అనుమానం లేదు.

తర్వాత గేటు దాటి కరామత్ వాకిట్లోకి వెళ్ళాడు. గోడ దాటిన తీగ తందూరు పక్కన, ఎండలో, ఆవిడ జల్లించే చోటుకి సరిగ్గా పైన వేలాడుతోంది. పని చేసుకునేటప్పుడు తలకి తగులుతుందని కరామత్ దాన్ని కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ ఉంటుంది. అక్కడి ఆకుల మీద నిజంగానే పిండి ఉంది, వారం కిందటి పాతపిండి. ఆయన ఒక ఆకు తుంచాడు.

"దాన్ని కూడా పట్టుకుపోతారా?" అంది కరామత్. "ఇక మిగిలింది పొయ్యే."

ఆయన ఇనోబత్ వైపుకి తిరిగి వచ్చి, అక్కడి ఆకొకటీ ఇక్కడి ఆకొకటీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"ఊదండి" అన్నాడు తుర్దలితో.

తుర్దలి కరామత్ ఆకు మీద ఊదాడు. పిండి లేచి పక్క పెద్దాయన గడ్డం మీద పడింది. ఆకు పచ్చగా మెరిసింది. రెండో ఆకు మీద ఊదాడు. ఇంకా గట్టిగా ఊదాడు. తెలుపు కదల్లేదు. తడివేలితో తుడవమని సత్వల్దీ సైగ చేశాడు. తుడిస్తే పోయింది గానీ కింద పసుపు పచ్చటి మరకలు మిగిలాయి.

"పిండి పడ్డ ఆకు బతికే ఉంది" అన్నాడు సత్వల్దీ. "తీగ ఒకటే, గోడకి ఆ పక్క ఎండ, ఈ పక్క నీడ. గాలి ఆడదు, ఆకు ఆరదు. మీరు మెచ్చుకున్న ఈ నీడే దాని ఇల్లు. ఇది బూజు, పిండి కాదు. గాలిలోనే వస్తుంది. కానీ కరామత్ జల్లెడలోంచి కాదు."

ఆయన అంత పొడుగ్గా మాట్లాడ్డం తుర్దలి ఎప్పుడూ వినలేదు. గడ్డం దులుపుకుంటున్న పెద్దాయన కూడా ఆగి విన్నాడు. గోడ మీది మోచేతులు కొంచెం ముందుకి జరిగాయి.

ఇనోబత్ మాత్రం లేచి నిలబడింది. మొహం కందిపోయింది. "మరి నాతో పిండి అన్నది ఎవరు అకా? చెయ్యి చూపించింది ఎవరు?"

తుర్దలి ఒకసారి ఇనోబత్‌ని, ఒకసారి సత్వల్దీని చూశాడు. నిన్నటి చాయ్‌ఖానా ఆయన కళ్ళలో మెల్లగా వెలిగింది.

తప్పు విన్నావు అనడానికి సత్వల్దీకి నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది. రెండే మాటలు, ఎప్పటిలాగే. ఆయన దాన్ని వాడలేదు.

"నేనే" అన్నాడు. "పిండిమంచు అని పూర్తిగా అనాలి. సంసా కాలుతోంది. సగం అన్నాను, సగం మింగాను. తర్వాత నీ వెనకాల రావాల్సింది, రాలేదు. తుర్దలి అకా, ఆవిడ సరిగ్గానే విన్నది. చెప్పినవాడే సరిగ్గా చెప్పలేదు."

"అయితే ఆ మిల్లు డాక్టరు..." అని మొదలుపెట్టాడు తుర్దలి.

"ఇదిగో, ఇక్కడే ఉన్నాడు."

గడ్డం మీద పిండి పడ్డాయన ముందు నవ్వాడు. తర్వాత తుర్దలి. ఇనోబత్ నవ్వలేదు గానీ కూర్చుంది. ఇప్పుడు వాకిట్లో అందరూ చూస్తున్నది తనని కాదని ఆవిడకి అర్థమైంది. ఆ వెసులుబాటుని ఎక్కువసేపు పోనివ్వకుండా పియాలాలు నింపడం మొదలుపెట్టింది.

గోడ మీది తల మాత్రం నవ్వలేదు. "సత్వల్దీ అకా, మీ సంసా చల్లారింది. నా పొయ్యి కూడా వారమై చల్లగానే ఉంది" అంది కరామత్. "రెండో వీధి పెళ్ళివాళ్ళు ఇనోబత్ మాట విని రొట్టెకి వేరే చోటుకి వెళ్ళిపోయారు. అది ఎవరు మింగాలి?"

తుర్దలి గొంతు సవరించుకుని, తందూరు ఎక్కడుందో అక్కడే ఉంటుందని, ఆవిడ ఈ క్షణమే వెలిగించుకోవచ్చని పెద్దరికంగా ప్రకటించాడు. కరామత్ తల ఊపింది. వెలిగించడానికి మాత్రం కదల్లేదు.

"ఇప్పుడు నా ద్రాక్ష సంగతేమిటి?" అంది ఇనోబత్.

"గంధకం చల్లాలి, ఎండ పడని చల్లపూట" అన్నాడు సత్వల్దీ. ఆగి, ఇంకా చెప్పాల్సింది ఉందని గుర్తుచేసుకున్నట్టు కొనసాగించాడు. "ముందు పందిరి పలచన చెయ్యాలి. తెల్లబడ్డ కొమ్మలు, చీలిన గుత్తులు కోసెయ్యాలి. కోసినవి వాకిట్లో పడెయ్యకూడదు, పెంటలో వెయ్యకూడదు, మేకకి పెట్టకూడదు. కాల్చెయ్యాలి. ఇవాళే. లేకపోతే అక్కడినుంచే మళ్ళీ లేస్తుంది."

"దేని మీద కాల్చను? గ్యాసు పొయ్యి మీదా? పందిరి కింద మంట పెడితే మిగిలింది కూడా పోతుంది."

ఆ మాట అన్నాక ఆవిడే ఆగిపోయింది. పెద్దలు ముగ్గురూ చాయ్ తాగడంలో మునిగిపోయారు. ఈ నాలుగిళ్ళలో మంట పెట్టే చోటు ఒక్కటే ఉందని అందరికీ తెలుసు.

ఇనోబత్ కొడవలి తెచ్చింది. సత్వల్దీ దొప్పీ తీసి బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఏ కొమ్మ ఉంచాలో ఏది పోవాలో చూపిస్తూ తనూ కోశాడు. పందిరి పలచబడుతున్న కొద్దీ బల్ల మీదికి ఎండ జారి, నీడని మెచ్చుకున్న పెద్దాయన రెండుసార్లు పక్కకి జరగాల్సి వచ్చింది. కొమ్మలు మోపైనాయి. ఇనోబత్ ఆ మోపుని రెండు చేతులా ఎత్తి గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ నిలబడింది. ఏమని అడగాలో తెలియనట్టు మోపు గోడ మీద పెట్టి, పట్టు వదలకుండా అలాగే ఉంది.

కరామత్ మోపు వంక చూసింది.

"పచ్చివి. పొగొస్తుంది" అంది.

"రానీ."

"గాలి మీ వైపుకి ఉంది."

"ఉండనీ."

"ముందు పత్తికట్టెలు అంటుకోవాలి. వారం చల్లబడ్డ పొయ్యి, ఒక్కసారి అగ్గి పెడితే పగులుతుంది. తొందరపెట్టకు." ఆవిడ మోపు అందుకుంది. సత్వల్దీ వైపు తిరిగి, "ఈ మంట మీద రొట్టె కొడితే రొట్టెకి ఏమన్నా అంటుతుందా? పూర్తిగా చెప్పండి, సగం కాదు" అంది.

"అంటదు" అన్నాడు సత్వల్దీ. తర్వాత ఆలోచించి, ఈ బూజు ద్రాక్షనే పట్టుకుంటుందనీ, గోధుమ జోలికి పోదనీ, మంటలో పడ్డాక ద్రాక్ష జోలికి కూడా పోదనీ, అయినా బూడిద ఊడ్చి తీసేశాకే రొట్టె కొట్టమనీ చెప్పాడు. కరామత్ చివరిదాకా విన్నది.

పత్తికట్టెలు అంటుకున్నాయి. మొదటి మోపు పడగానే తెల్లటి పొగ లేచి, గోడ మీంచి వంగి, ఇనోబత్ వాకిలంతా నిండిపోయింది. పెద్దలు దగ్గుతూ చెప్పులు వెతుక్కున్నారు. తుర్దలి వెళ్తూ వెళ్తూ వ్యవహారం సామరస్యంగా తేలిందన్నాడు. పొగలో ఆయన మొహం కనబడలేదు. సత్వల్దీ కోస్తూనే ఉన్నాడు. ఇనోబత్ కళ్ళు తుడుచుకుంటూ మోపు మీద మోపు అందిస్తూనే ఉంది. కరామత్ ఒక్కొక్కటే అందుకుని, తెల్లగుత్తుల్ని తందూరు నోట్లోకి తోస్తూ, అది మెల్లగా ఎర్రబడడం చూస్తోంది.

చివరి మోపు అందించాక ఇనోబత్ గోడ దగ్గరే ఉండిపోయింది.

"రేపు పొద్దున జల్లిస్తావా?" అంది.

"జల్లించక? చేత్తో ఏరతానా?"

"రెండు పాతీర్లు నాకు ఉంచు."

కరామత్ ఇనుపచువ్వతో నిప్పులు కదిపి, వంగి లోపలి గోడ వేడి చూసుకుంది.

"ముందు పెళ్ళివాళ్ళ దగ్గరికి వెళ్ళు. నా రొట్టె గురించి వాళ్ళకి ఏం చెప్పావో దాన్ని సరిచేసి రా" అంది. "తర్వాత చూద్దాం."

ఇనోబత్ రుమాలుతో మొహం తుడుచుకుంది. మసి ఇంకా అంటుకునే ఉంది. అలాగే గేటు తీసుకుని రెండో వీధి వైపు నడిచింది.